స్తంభం పక్కన ఖాళీ

నంద్యాలలో డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతాను. పక్కవాళ్లను చూసి మనుషులు ఎలా మారిపోతారో చెప్పే పాఠం వచ్చినప్పుడల్లా క్లాసంతా హుషారు. "మేమట్ల కాదు మేడం, మాకు నచ్చిందే చేస్తాం" అంటారు, అందరూ ఒకేలా జుట్టు కత్తిరించుకొని. నాకూ నవ్వొస్తుంది. కానీ ఆ పాఠం చెబుతున్నంతసేపూ ఆళ్లగడ్డ చర్చిలో స్తంభం పక్కనున్న ఖాళీయే కళ్లముందు ఉంటుంది.

మా చర్చిలో ఆడవాళ్లు ఒక పక్కన జంపఖానా మీద కూర్చుంటారు. స్తంభం పక్కది మా అక్క చోటు. చిన్నప్పటి నుంచీ వీపు స్తంభానికి ఆనించి, అందరికంటే గట్టిగా పాడేది. పెళ్లయి రుద్రవరం పోయింది. మొగుడి దెబ్బలు తట్టుకోలేక తిరిగొచ్చేసింది. వచ్చిన ఆదివారం తన చోట్లో కూర్చోగానే, పక్కనున్న పెద్దామె కొంగు సర్దుకొని కాస్త జరిగింది. ఆమెను చూసి ఆమె పక్కామె. ఎవరూ ఒక్క మాట అనలేదు. వారం వారం ఆ ఎడం పెరిగింది. చివరికి మా అమ్మ కూడా జరిగింది. జరిగినట్టు ఆమెకే తెలియదనుకుంటాను. నాకు ఇప్పటికీ భయం వేసేది అందుకే.

అక్క చర్చి మానేసింది. బట్టలు కుట్టుకొని బతుకుతానని నా దగ్గరికి నంద్యాల వచ్చేసింది. బయల్దేరే రోజు అమ్మ ఏడ్చింది.

"నిన్నెవరన్నా పొమ్మన్నారా మే?"

"ఎవురూ పొమ్మనలేదుమా. అందరూ జరిగినారు, అంతే" అంది అక్క.

నలుగురితో పాటు నారాయణా అంటారు. మేము ఏసును నమ్ముకున్నవాళ్లమే అయినా ఆ సామెత మమ్మల్ని వదిలిపెట్టలేదు.

"ఒక్కసారన్నా మళ్లీ ఆడ కూర్చొని పాడాల" అని అక్క మిషను తొక్కుతూ అంటుండేది. నేను ఊరికి పోయినప్పుడల్లా ఆ చోటు చూసి వచ్చేదాన్ని. మొదట జరిగిన పెద్దామె చనిపోయింది. పాతవాళ్లు కొందరు ఊళ్లు మారారు, కొత్త కోడళ్లు వచ్చారు. ఆ చోట్లో మాత్రం ఎవరూ కూర్చోలేదు. జంపఖానా అంతా అరిగి పోగులు లేచింది. అక్కడొక్కచోట ఎర్ర చారలు కొన్ననాటిలాగే ఉన్నాయి. చచ్చినవాళ్లు దయ్యాలవుతారని అంటే విన్నాను. మా అక్క బతికుండగానే అక్కడ దయ్యమై కూర్చుంది.

ఈ మధ్య అమ్మ పోయింది. జ్ఞాపకార్థ కూడికకు అక్క వస్తానంది. అమ్మకు ఇష్టమైన పాట తన చోట్లోనే కూర్చొని పాడతానంది. బస్సు శిరివెళ్ల దాటినప్పటి నుంచీ పెదవులు కదుపుతూనే ఉంది.

చర్చిలోకి పోగానే తిన్నగా స్తంభం వైపు నడిచింది. ఒళ్లో పాపతో కూర్చున్న ఓ కొత్త కోడలు అక్క చెయ్యి పట్టుకుంది. అక్క ఎవరో ఆ పిల్లకు తెలియదు.

"ఆడొద్దక్కా, ఆడ ఎవురూ కూర్చోరు."

"ఎందుకు?"

"ఏమోక్కా. నేనొచ్చినప్పటి నుంచీ ఇంతే. ఈడ కూర్చో, రా."

అది నా చోటు అని అక్క అంటుందని చూశాను. గట్టిగా అనాలని, అందరూ వినాలని కోరుకున్నాను. అక్క ఆ ఖాళీని చూసింది, చుట్టూ కూర్చున్నవాళ్లను చూసింది.

"అట్లనా" అని కొంగు తలమీదికి లాక్కుంది. ఆ పిల్ల నవ్వుతూ జరిగి చోటిచ్చింది. అక్క అందులో ఇరుక్కొని కూర్చుంది. అంతమంది మధ్య అక్క కూర్చోవడం ఎన్నేళ్ల తర్వాత చూశానో, సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు.

అమ్మ పాట మొదలైంది. అక్కా పాడింది, పక్కవాళ్ల గొంతు ఎంత ఉందో అంతే. స్తంభం దగ్గర నుంచి ఇంకో గొంతు లేస్తుందేమోనని పాట అయిపోయేదాకా నేను అటే చూస్తూ కూర్చున్నాను.