ప్రోబుకు పెట్టిన బొట్టు

నా బతుకు చూడండి... పోయిన వారం ఎగిరి గంతేసి అందరికీ ఫోన్లు చేసినా కదా, అదంతా గంగలో కలిసింది!

పీహెచ్‌డీలో నేను చేసేది ప్రోబ్ డిజైన్. పెద్ద అయస్కాంతం లోపలికి పోయే గొట్టం అది. కొసన సిగ్నల్ వినే రాగి కాయిల్, కాయిల్‌లో శాంపిల్. మా శాంపిల్ ఏందంటే, గాజు పలకల మీద అన్నీ ఒకే దిక్కుకు సర్దుకున్న కొవ్వు పొరలు. వాటిలోని హైడ్రోజన్ సిగ్నల్ మాత్రమే మాకు వినపడాల. అందుకే పలకల్ని పట్టుకునే హోల్డర్‌ను హైడ్రోజన్ లేని టెఫ్లాన్‌తో చేస్తాం.

హైదరాబాదులో మా ల్యాబ్ వర్క్‌షాప్‌లో క్యూ తెగట్లేదని, గిద్దలూరులో మా బాబాయి లేత్ దుకాణంలో చేయించుకుని మార్కాపురం ఇంటికి తెచ్చినా. అమ్మ చూసి ఊరుకుంటదా? నూనెలో కలిపిన సింధూరంతో బొట్టు పెట్టింది.

"అమ్మా, అది మెషిన్ సామాను!"

"మెషిన్లకే కదే ఆయుధపూజ చేసేది!"

కర్చీఫ్‌తో తుడిచినా. ఎరుపు పోయింది, చాలనుకున్నా.

హైదరాబాదు పోయి, ప్రోబ్‌ను లోపలికి ఎక్కించినా. అబ్బ! స్క్రీన్ మీద సూదిలాంటి సిగ్నల్! వెంటనే ఇంటికి ఫోన్. నాయన తన దుకాణంలో వచ్చినోళ్ళందరికీ మైసూర్‌పాక్ పంచినాడు.

అప్పుడొచ్చినారు మా గైడ్ మేడం.

"పలకల్ని పక్కకు తిప్పమ్మా. పొరలన్నీ ఒకే దిక్కున ఉన్నాయి కాబట్టి, తిప్పితే సిగ్నల్ కూడా పక్కకు జరగాలి."

తిప్పినా. జరగలేదు. ఇంకొంచెం తిప్పినా. ఊహూ!

"శాంపిల్ తీసేసి చూడు."

తీసేసినా. సిగ్నల్ అట్లనే ఉంది, నిక్షేపంగా!

హోల్డర్‌ను లైటు కింద పెట్టి చూస్తే, గాడిలో సన్నగా ఎర్రటి గీత. సింధూరంలో నూనె! నూనె నిండా హైడ్రోజనే!

"అంటే ఇంతసేపూ మీ ఇంటి నూనెకు స్పెక్ట్రమ్ తీసినావా?" మేడం నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండు.

సాల్వెంట్‌లో కడిగి, శాంపిల్ పెట్టినా. ఏమీ లేదు! నూనె లాగా గట్టిగా అరిచేదాన్ని తప్ప నా కాయిల్ దేన్నీ వినలేదంట. నా థీసిస్ అంతా ఆ కాయిలే. మళ్ళీ మొదటి నుంచి గీయమన్నారు.

మెట్ల మీద కూర్చుని, ఏడుస్తా అమ్మకు చెప్పినా. అంతా వినింది.

"అంటే బొట్టు ఉన్నప్పుడు పనిచేసింది. కడిగినాక ఆగిపోయింది. అంతేనా?"

"అట్ల కాదమ్మా..."

"మరి ఎందుకు కడిగినావే, పిచ్చిదానా?"