వడగట్టిన కంజి

పన్నెండు రోజులుగా కాళియమ్మాళ్‌కు ఇంట్లో ఎవరి ముఖం చూసినా ఒళ్ళు మండిపోతోంది. పై దవడలో, సరిగ్గా ముక్కు కింద, పోయిన పళ్ళ చోట రెండు స్క్రూలు బిగించుకున్న మనిషికి నొప్పి ఉండటంలో వింతేమీ లేదు. నాలుగైదు రోజులకు తగ్గుతుందని డాక్టరమ్మ చెప్పింది, నాలుగో రోజుకు నిజంగానే తగ్గింది కూడా. ఐదో రోజు పనికి వెళ్ళి వచ్చిన సాయంత్రం మళ్ళీ మొదలై, అప్పటినుంచి రోజురోజుకీ పెరుగుతూ పోవడమే వింత. ఎవరో ఏదో తప్పు చేస్తున్నారని ఆమె నమ్మకం. ఆ ఎవరో తాను మాత్రం కాదన్నది అంతకంటే గట్టి నమ్మకం.

అనుమానం ముందుగా కూతురు తేన్మొళి మీద పడింది. కంజి కాచేది ఆ పిల్లే కదా.

"దీంట్లో తునక ఉండాది," అంది కాళియమ్మాళ్, గిన్నె నేల మీద పెడుతూ.

"లేదు మా. మూడు తడవలు వడగట్టినాను. నీ గుడ్డలోనే."

"అప్పుడు నాకి ఎందుకు గుచ్చుతా ఉండాది? సుమ్మా, ఊరికేనే గుచ్చుతాదా?"

తేన్మొళి స్పిన్నింగ్ మిల్లులో పొద్దుటి షిఫ్టు చేసి నాలుగు గంటలకు ఇంటికి వస్తుంది. వచ్చీ రాగానే నూకలు మెత్తగా ఉడికించి, మెదిపి, అమ్మ నేసిన కట్టుగుడ్డ నాలుగు మడతలు వేసి వడగడుతుంది. ఆసుపత్రుల్లో పుండ్లకు కట్టే ఆ పల్చటి గుడ్డలోంచి నూక కాదు కదా, నూక నీడ కూడా దిగదు. అయినా అమ్మ గిన్నెలో వేలు పెట్టి కెలికి, వేళ్ళ మధ్య నలిపి చూసి, కనపడని తునక కోసం గంట సేపు పోట్లాడుతుంది.

గుమ్మంలో కూర్చున్న మూక్కన్, అంటే కాళియమ్మాళ్ మొగుడు, తనకు తెలిసిన ఒకే ఒక్క వైద్యం పన్నెండోసారి చెప్పాడు.

"లవంగం పెట్టుకోయే. ఇట్టే తగ్గిపోతాది."

"లవంగం పంటికి పెడతారయ్యా! నాకి పన్ను యాడ ఉండాది? ఇనుముకు లవంగం పెడతారా యాడైనా?"

మూక్కన్ బీడీ వెలిగించుకుని అవతలికి తిరిగాడు. కొబ్బరితోటలో పొద్దంతా గడ్డపలుగు పట్టిన మనిషికి సాయంత్రం పూట ఈ వాదన పెట్టుకునే ఓపిక ఎక్కడిది?

అసలు ఆమె పళ్ళు పోయిన కథ చెప్పాలంటే ముప్పై ఎనిమిదేళ్ళు వెనక్కి పోవాలి. పద్నాలుగో ఏట తన ఊరు చోళపురం నుంచి రాజపాళయం బస్సెక్కి మరమగ్గాల షెడ్డులో అడుగుపెట్టింది. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నేసింది ఒకటే, కట్టుగుడ్డ. పడుగులో పోగు తెగితే వెతికి పట్టుకుని ముడి వేయాలి, ముడి వేశాక మిగిలిన తోక తెంచాలి. అందుకోసం ప్రతి మగ్గానికీ ఒక చిన్న కత్తెర తాడుతో వేలాడుతూనే ఉంటుంది. అది తనిఖీకి వచ్చేవాళ్ళు చూసి సంతోషించడానికి. కత్తెర అందుకుని, వేళ్ళు దూర్చి, కత్తిరించి వదిలేలోగా పక్క మగ్గంలో ఇంకో పోగు తెగుతుంది. ముడి వేసిన చేత్తోనే దారాన్ని నోటి దగ్గరికి తెచ్చి, తల ఒక్కసారి వంచి, ముందు పళ్ళతో టక్కున కొరికేస్తే అయిపోయె. ఎనిమిది మగ్గాలు ఒక్కతే చూసుకునేది కాళియమ్మాళ్. మేస్త్రీ వెంకటరామన్ కొత్తగా చేరిన ఆడపిల్లల్ని ఆమె వెనక నిలబెట్టి, "ఈమె తల ఎట్ల వంచుతాదో చూడండి" అని చెప్పేవాడు.

అంత మెప్పు పొందిన పళ్ళకు చివరికి ఏమైందంటే, దారం రాసి రాసి వాటి అంచుకు గాడి పడింది. గాడి పగులైంది. ఒక పన్ను షెడ్డులోనే ముక్క విరిగింది, రెండోది వదులై చీము పట్టింది, రెండూ పీకేశారు. తీసి పెట్టుకునే పళ్ళు కట్టించుకుంటే అవి పంతొమ్మిది రోజులు ఉన్నాయి. ఇరవయ్యో రోజు ఫిట్టర్ రామర్ మీద ఆమె గట్టిగా అరిచినప్పుడు ఆ పళ్ళు నోట్లోంచి ఎగిరి నేరుగా నడుస్తున్న మగ్గంలో పడ్డాయి. పడుగులో అటూ ఇటూ పరిగెత్తే నాడె వచ్చి ఠప్పున కొట్టింది. మగ్గం ఆగింది, మూడు మీటర్ల గుడ్డ పాడైంది. రామర్ స్పానరుతో రెండు ముక్కల్నీ బయటికి తీసి, కడిగి, ఎంతో మర్యాదగా ఆమె చేతిలో పెట్టాడు. మగ్గాల మోతలో నవ్వు వినపడదు గానీ కనపడుతుంది. ఆ రోజు పళ్ళున్న వాళ్ళంతా ఉన్న పళ్ళన్నీ బయటపెట్టి నవ్వారు.

ఆమె రోషం సామాన్యమైనది కాదు. ఊడని పళ్ళు కావాలంది. పళ్ళ డాక్టర్ జెన్సి దవడ ఫోటో తీసి చూసి, ఎముక పల్చగా ఉందనీ, అయినా ప్రయత్నిద్దామనీ చెప్పింది. స్క్రూ ఎముకలో కుదురుకోవడానికి నాలుగు నెలలు పడుతుంది, ఆ తర్వాత దాని మీద పన్ను కూర్చుంటుంది. అప్పటిదాకా స్క్రూల మీద చిన్న ఇనుప మూతలు. ఒకసారి వదులై ఊడివస్తే అదే చోట మళ్ళీ పెట్టడానికి ఎముక మిగలకపోవచ్చు. అందుకే ముందు వైపు ఏదీ కొరకవద్దని పదిసార్లు చెప్పి పంపింది.

ఆ మాట కాళియమ్మాళ్ తు.చ. తప్పకుండా పాటించింది. మురుకు మానేసింది. ఇడ్లీ కూడా వేళ్ళతో చిదిపి బుగ్గలోకి తోసుకునేది. మామిడికాయల కాలంలో, కారం ఉప్పు చల్లిన ముక్కలు ఎదురుగా పెట్టుకుని షెడ్డులో సెల్వి చప్పరిస్తుంటే చూస్తూ కూర్చుంది. ఇంతగా నోరు కట్టుకున్న మనిషికి ఈ నొప్పేమిటి? అదీ ఆమె కడుపుమంట.

సెల్వి పక్క వరస మగ్గాలు నడుపుతుంది. మంచిదే గానీ, ఏ మాట ఎప్పుడు చెప్పాలో తెలియని మనిషి. "మా సేత్తూరు పెద్దనాయనకు ఇట్లే నొప్పి వచ్చిందక్కా. ఒక పొద్దు పుక్కిలిస్తే స్క్రూ పళ్ళెంలో పడె" అని చెప్పి ఊరుకుంది. అప్పటినుంచి కాళియమ్మాళ్ నాలుక ఊరుకోలేదు. గంటకోసారి స్క్రూ మూతల్ని తోసి చూసుకునేది. ఎడమది కదలదు. కుడిది కదిలినట్టే ఉంటుంది. ఒకసారి కదిలిందనీ ఒకసారి లేదనీ అనిపించి, రెంటికీ సమానంగా భయపడేది. ఊడిపోతే ఇక ఆ బోసి సందుతోనే బతకాలి. యాభై రెండేళ్ళకే, ఎవరితో మాట్లాడినా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. 

ఆ పన్నెండో రోజు సాయంత్రం భయమంతా కూతురి మీదే కక్కింది.

"నా స్క్రూ పోతే నీ వల్లనే దా పోతాది! ఒక కంజి వడగట్టను రాదు నీకి!"

తేన్మొళి లేచింది. గిన్నె తీసుకుపోయి, ఆ కంజినే నాలుగోసారి వడగట్టి తెచ్చి పెట్టింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కాళియమ్మాళ్ చూసీ చూడనట్టు తాగేసింది.

మర్నాడు షిఫ్టు దిగి ఒంటరిగానే ఆసుపత్రికి వెళ్ళింది. తోడు వస్తానన్న కూతుర్ని వద్దంది. జెన్సికి వీళ్ళ ఇంట్లో మాట్లాడే తెలుగు రాదు, మాటలన్నీ తమిళంలోనే. కాళియమ్మాళ్ ఆ తమిళంలో కూతుర్ని, మొగుణ్ణి, మాత్రల్ని, చివరికి డాక్టరమ్మను కూడా దులిపేసింది. ఆమె అంతా విని, నోరు తెరవమని లైటు వేసింది.  సన్నటి పట్టకారు తీసుకుని కుడి స్క్రూ దగ్గర దేన్నో పట్టుకుంది. మెల్లగా లాగింది. ఇంకా లాగింది. అది వస్తూనే ఉంది.

తెల్లగుడ్డ మీద జానెడు దారం.

"ఇదేమిటమ్మా?" అంది జెన్సి.

ముప్పై ఎనిమిదేళ్ళుగా పొద్దస్తమానం ఆ దారాన్నే చూసిన కళ్ళు. ఏ నంబరు నూలో కూడా తెలిసిపోయింది. అయినా ఒప్పుకుంటే కాళియమ్మాళ్ ఎట్లా అవుతుంది?

"మా షెడ్డులో నూలు ఎగరతా ఉంటాది, డాక్టరమ్మా. గాలికి వచ్చి పడింటాది."

"గాలికి వచ్చి, మూత మెడకు నాలుగు చుట్లు చుట్టుకుని, బిగుసుకుందా?"

"నేనేమి కొరకలేదు. ఇడ్లీ కూడా చిదిపే దా తింటా ఉండాను. మురుకు ముట్టలేదు, మామిడికాయ ముట్టలేదు."

"తినడం గురించి కాదమ్మా. ఈ మూతలతో దారం కొరుకుతున్నారా?"

"లేదు," అంది కాళియమ్మాళ్. అబద్ధం ఆడుతున్నానన్న ఎరుక ఆమెకు నిజంగానే లేదు. దారం తిండి కాదు, దాన్ని కొరకడం కొరకడమూ కాదు, అది పని. ఊపిరి పీల్చడం ఎవరైనా లెక్కలో వేసుకుంటారా?

జెన్సి స్క్రూను తట్టి చూసింది. వదులైంది దానికి బిగించిన మూత మాత్రమే. మూత బిగించి, చిగురు కడిగింది. "లోపలి స్క్రూ ఇంకా పట్టుకునే ఉంది. ఇట్లాగే ఇంకో పది రోజులు లాగారంటే అది కూడా వస్తుంది. అప్పుడు నా చేతిలో ఏమీ లేదు. పనిలో మూతికి మాస్కు కట్టుకోండి. పది రోజుల తర్వాత చూస్తాను" అంది.

కాళియమ్మాళ్ ఆ రాత్రే రెండు మడతల కట్టుగుడ్డతో మాస్కు కుట్టుకుంది. డాక్టరమ్మ మాట మీద గౌరవంతో కాదు, ఆమె అన్నది తప్పు అని చూపించడానికి.

పొద్దున షెడ్డులో సెల్వి చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. "దూడ మూతికి చిక్కం కట్టినట్ల ఉండాదక్కా!"

"నవ్వు, నవ్వు. సాయంత్రం ఈ గుడ్డ ఎట్ల కట్టినానో అట్లే తీసి ఆ డాక్టరమ్మ ముందర పెడతాను."

మొదటి పోగు తెగింది. ముడి వేసింది. తల వంగింది, పెదాలకు గుడ్డ తగిలింది. ఛీ అనుకుని కత్తెర అందుకుంది. సరేలే, ఒక్కసారి కదా అనుకుంది. ఆ తర్వాత ఎనిమిది మగ్గాల మోతలో మాస్కు సంగతే మరిచిపోయింది. తలనొప్పి, ఉక్క, చిగురు సలుపు, అన్నీ తెలుస్తూనే ఉన్నాయి. తల వంగడం మాత్రం తెలియలేదు.

షిఫ్టు దిగాక కుళాయి దగ్గర మాస్కు విప్పింది. నోటికి ఎదురుగా ఉన్న చోట గుడ్డ నమిలి నమిలి తడిసి పీలికలైంది. నడుమ రూపాయి బిళ్ళంత చిల్లు. ఆ చిల్లులో తెగిన పోగుల తోకలు, ఒకటి కాదు రెండు కాదు, చిక్కులు పడి వేలాడుతున్నాయి.

తిట్టడానికి ఎవరైనా ఉన్నారా అని చుట్టూ చూసింది. ఎవరూ లేరు. ఇన్ని రోజులూ ఊరందరికీ పంచిన తిట్లన్నీ తిరిగి తన దగ్గరికే వచ్చినట్టు, ఆమె ముఖం సిగ్గుతో కాలిపోయింది. బస్సులో చోళపురం దాకా ఆ గుడ్డను పిడికిట్లో నొక్కిపట్టుకునే కూర్చుంది.

ఇంటికి వచ్చేసరికి తేన్మొళి పొయ్యి దగ్గర రెండోసారి వడగడుతోంది. కాళియమ్మాళ్ పిడికిలి విప్పి ఆ గుడ్డను కూతురి ముందు పెట్టింది. "నేనే దా," అంది.

తేన్మొళి గుడ్డను పరిచి చూసింది. చిల్లు చూసింది. దారం తోకలు చూసింది. అర్థం కావడానికి కాసేపు పట్టింది.

"అప్పుడు కంజిలో తునక లేదా మా?"

"లేదు."

"ఒక పొద్దు కూడా?"

"లేదు లేమ్మా."

అప్పుడు పేలింది తేన్మొళి. "పద్నాలుగు దినాలు మా! మిల్లునుంచి వచ్చి కాలు కూడా కడగకుండా వడగట్టినాను. రాత్రి పండుకుంటే కల్లో కూడా వడగడతా ఉండాను. నా వల్ల స్క్రూ పోతాదని అన్నావే! నాకి ఎంత కవలై అయిందో, ఎంత దిగులు పడినానో తెలుసా నీకి?"

కాళియమ్మాళ్ అడ్డు చెప్పలేదు. ఆమె అడ్డు చెప్పకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు. గుమ్మంలో మూక్కన్‌కు ఇదే అదను అనిపించింది కాబోలు, గొంతు సవరించుకుని, "అందుకే లవంగం..." అన్నాడు.

"నువ్వు ఊరుకో!" అన్నారు తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే.

మర్నాటి నుంచి నాలుగు మడతల మాస్కు. మగ్గానికి వేలాడే కత్తెరను విప్పి ఆమె మణికట్టుకే కట్టింది సెల్వి. ఎనిమిది మగ్గాలు ఆరయ్యాయి, వెంకటరామన్ మూతి ముడుచుకున్నాడు. ముడుచుకోనీ. సాయంత్రం కాగానే తేన్మొళి ఆ రోజు మాస్కును బల్బుకు ఎత్తి పట్టుకుని, మేస్త్రీ గుడ్డలో లోపాలు చూసినట్టు చూసేది. "ఈపొద్దు ఏడు తావులు కొరికినావు," అనేది కటువుగా. మరో రోజు నాలుగు. కాళియమ్మాళ్ చేతులు కట్టుకుని నిలబడి వినేది. తొమ్మిదో రోజు ఎంత వెతికినా గుడ్డలో ఒక్క గాటూ దొరకలేదు. అప్పటికి చిగురు సలుపూ ఆగిపోయింది.

పదో రోజు ఇద్దరూ కలిసే ఆసుపత్రికి వెళ్ళారు. కాళియమ్మాళ్ కుర్చీలో వాలింది. జెన్సి ముందు ఎడమ స్క్రూను కదిపి చూసింది, తర్వాత కుడిదాన్ని, తర్వాత అద్దం పిడితో రెంటినీ తట్టింది. ఒకటే గట్టి చప్పుడు. "రెండూ పట్టుకున్నాయి. బాగా చూసుకున్నారు," అంది. తర్వాత కాగితం మీద రాసుకుంటూ, "ఇన్నాళ్ళూ ఏం తిన్నారు?" అని అడిగింది.

కాళియమ్మాళ్ లేచి కూర్చుంది. కూతురు తలుపు దగ్గర నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకోకుండా, ఆ పిల్లకు వినపడేటట్టు గట్టిగా చెప్పింది.

"నా బిడ్డ కాచిన కంజి, డాక్టరమ్మా. మూడు తడవలు వడగట్టి పోసింది. ఒక్క దినం కూడా దాంట్లో తునక లేదు."