టోవా పాయోలో గోల్‌కీపర్ దర్శనం

మా ఇంట్లో డబ్బాలు ఇరవై ఉంటాయి, మూతలూ ఇరవై ఉంటాయి. ఏ మూతా ఏ డబ్బాకీ సరిపోదు. అందుకని ఆ శనివారం ఇడ్లీలు ఫాయిల్‌లో చుట్టి, చట్నీ జామ్ సీసాలో పోసి, సింగపూర్‌లో పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్ నుంచి ఏడూ నలభైకి బయలుదేరాం, నేనూ, పదమూడేళ్ళ మా అమ్మాయి సహస్రా.

సహస్ర స్కూల్లో హ్యాండ్‌బాల్ గోల్‌కీపర్. జర్మనీలో ఆ ఆటే వృత్తిగా ఆడి రిటైరైన మరైకె అనే ఆవిడ టోవా పాయోలో ఒక పూట శిక్షణ ఇస్తోంది. మా ఆవిడ శ్రీలత నాకు అప్పగించిన పని వేరు. లెక్కల ట్యూషన్‌లో ఒక సీటు ఖాళీ అయింది, సరిగ్గా శనివారం ప్రాక్టీసు వేళకే. మధ్యాహ్నంలోగా చెప్పాలి. "ఆట అన్నం పెట్టదని ఆవిడ చేతే చెప్పించండి" అంది.

సెరంగూన్‌లో ఒకసారి, బిషాన్‌లో ఒకసారి రైలు మారాలి. టికెట్ పెద్దలకు రెండు డాలర్ల దరిదాపు. ఎదురు సీటు పెద్దాయన సహస్ర సంచీ చూసి "బాస్కెట్‌బాలా?" అన్నాడు.

"హ్యాండ్‌బాల్, అంకుల్. చేత్తో విసిరి గోల్ కొడతారు."

"కాళ్ళున్నాయిగా?" అని జాలిపడి దిగిపోయాడు.

తొమ్మిదింటికి హాలు చేరాం. మరైకె నాకంటే జానెడు ఎత్తు. విరామంలో ఇడ్లీలు పెట్టి, మనవాళ్ళెవరైనా అడిగేదే అడిగాను. "ఆట సరే, మీ అసలు ఉద్యోగం ఏమిటండీ?"

"పదహారేళ్ళు గోల్‌కీపర్‌నే. పొద్దున ఫిజియోథెరపీ క్లినిక్, సాయంత్రం ప్రాక్టీసు. రెండూ చేస్తేనే అద్దె కట్టగలిగేదాన్ని. జాతీయ జట్టు పిలిచిన వారమే మోకాలు పోయింది. రెండు ఆపరేషన్లు."

శ్రీలత పక్కనుంటే చప్పట్లు కొట్టేది. "అయితే చదువే ముందని మా అమ్మాయికి చెబుతారా?"

"నేనూ చదివాను. మ్యాచ్‌లకు వెళ్ళే బస్సులో. ఒకసారి పరీక్ష పోయింది. తప్పు బస్సుది కాదు." ఇడ్లీ పూర్తిచేసి, "మీరెప్పుడైనా గోల్‌లో నిలబడ్డారా?" అంది.

నిలబెట్టింది. మొదటి బంతి వెళ్ళడం చూశాను. రెండోది చూడలేదు. మూడోది ఆపాను. ఆ సంగతి పొట్ట చెప్పింది.

తర్వాత సహస్ర వంతు. బంతి తొడమీద చెళ్ళున తగిలితే కిందపడి, నవ్వుతూ లేచి, "ఇంకొకటి!" అంది. ఈ మధ్య దాని నోట ఆ మాట పూరీల దగ్గర తప్ప నేను వినలేదు.

పదకొండున్నరకు తిరుగుప్రయాణం. ఈ దారిన వెళ్ళదలచినవారు చట్నీ ఎక్కువ పట్టుకెళ్ళండి, మరైకె వదలదు. ఉద్యోగం సంగతి అడగకండి, గోల్‌లో నిలబెడుతుంది. మొత్తంమీద చూడదగ్గ చోటే. ఆట మాన్పించకూడదని బిషాన్ దాటేలోపే నిశ్చయించుకున్నాను. ఇక శ్రీలతకు చెప్పడం ఒక్కటే మిగిలింది. ఎవరెస్టు ఎక్కేవాళ్ళకీ చివర కొంచెమేనట మిగిలేది.

సెరంగూన్‌లో ఫోన్ మోగింది.

"ఏమందండీ ఆవిడ? ట్యూషన్‌కి సరేననేయనా?"

"అదే శ్రీలతా... చాలా కష్టపడిందట. మోకాలు కూడా..."

"అయితే సరేననేస్తున్నా."

"సిగ్నల్ సరిగా లేదు" అన్నాను. ఫోన్‌లో గీతలన్నీ నిండుగా ఉన్నాయి.

సహస్ర చెయ్యి చాపి, సింగపూర్ యాసలో అంది. "అమ్మకి నువ్వు చెప్పలేవు లా, డాడీ. ఫోన్ ఇటివ్వు."