హెల్మెట్‌పై రెండు దెబ్బలు

కోరుట్లలో చాయ్ కప్పులు ఏడాదికేడాది చిన్నవవుతున్నాయి. ఇప్పుడు పోస్తున్నదాన్ని చాయ్ అనడం కన్నా చాయ్ గురించిన సూచన అనడం న్యాయం. నోరు తడిసేలోపే అడుగు కనిపిస్తుంది. నేను కొన్నేళ్లుగా లోపల మోస్తున్నది మాత్రం రవ్వంత కూడా చిన్నది కాలేదు. ఇవాళ దాన్ని మీ ముందు దించుతున్నాను. నా పేరు చెప్పను. ధైర్యం అంతవరకే వచ్చింది.

జగిత్యాలలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు నరేశ్, నేను ఒకే గదిలో ఉండేవాళ్లం. వాడిది సిరిసిల్ల, మరమగ్గాల మీద బతికే ఇల్లు. నాకేమో వేరే గ్రహపు సైనికుడి కవచం ఒకటి తయారుచేయాలని పిచ్చి. అందులో చేతులు నావి, ఒళ్లు వాడిది. వాడు ఆరడుగులు. నేను, మర్యాదగా చెప్పాలంటే, కాదు.

వాడిని గది మధ్య నిలబెట్టి మెడ నుంచి మడమ దాకా ప్లాస్టిక్ కాగితం చుట్టి, పైన టేపు వేసి, పెన్నుతో గీతలు గీసి, జాగ్రత్తగా కత్తిరించి తీశాను. వాడి ఒంటి అచ్చు ముక్కలుగా నేల మీద పరుచుకుంది. ఆ ముక్కల ప్రకారమే జిమ్ముల్లో కింద పరిచే ఫోమ్ షీట్లు కోసి, వేడిగాలి మిషన్‌తో వంచి, చెప్పులు అతికించే సొల్యూషన్‌తో అతికించాను. ఛాతీలో నీలం లైటు. హెల్మెట్‌కు నల్ల అద్దం. బకిళ్లన్నీ వీపు వైపే పెట్టాను. ముందు పెడితే స్కూలు బ్యాగులా ఉంటుందని నా అభ్యంతరం. అందువల్ల ఎవరైనా విప్పితే తప్ప వాడు బయటికి రాలేడు. లోపలి నుంచి అరిచినా వినబడదు. అందుకే ఒక గుర్తు పెట్టుకున్నాం. రెండు పిడికిళ్లతో హెల్మెట్‌ను రెండుసార్లు కొట్టుకుంటే, ఇక తీసెయ్యమని.

కాలేజీలో మెచ్చుకున్నారు. తర్వాత ఊరేగింపుల్లో ఆ కవచంతో ఆడమని పెళ్లిళ్లకు పిలుపులు మొదలయ్యాయి. నేను ఆ సైనికుడికి ఒక గ్రహం, ఒక యుద్ధం, ఒక విఫలప్రేమ కల్పించి పెట్టాను. జనం "రోబో" అన్నారు. బోయినపల్లిలో ఒక ముసలమ్మ వాడి చేయి నొక్కి చూసి, "ఇది బువ్వ తింటదా?" అని అడిగింది. ఫోటోలన్నీ వాడితోనే. నన్ను కొంచెం పక్కకు జరగమనేవారు. ఆట అయ్యాక చెమటకు తడిసిన లోపలి బట్ట ఉతికేది, ఊడిన అంచులు అతికించేది, పగిలిన రంగు మీద మళ్లీ రంగు వేసేది నేను. ఇదంతా నాకు బాధనిపించలేదని అప్పట్లో చెప్పుకునేవాణ్ని. చాలాసార్లు చెప్పుకునేవాణ్నంటే మీకు అర్థమై ఉంటుంది.

ఆ ఎండాకాలం మెట్‌పల్లిలో ఒక పెళ్లి. ఆటోలో పోతుండగా నరేశ్ అన్నాడు:

"హైదరాబాద్‌ల ఈవెంటోళ్లు రమ్మంటున్నరురా. సూట్ తీస్కొని."

"మరి నేను?"

"ఒక్కణ్నే రమ్మన్నరు. సూట్ నా సైజుదే గదరా. నువ్వు తొడుగుతె గోనెసంచిల ఎలుక లెక్క ఉంటవ్."

వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. ఎలుక పోలిక బాగానే కుదిరింది.

ఎదుర్కోళ్ల ఊరేగింపు అది. పెళ్లికొడుకు వాళ్లకు ఎదురెళ్లి, బ్యాండుతో మండపానికి తీసుకురావడం. మిట్టమధ్యాహ్నం. మా వైపు ఊరేగింపులో ఆడటాన్ని ఎగరడం అంటారు, రోడ్డంతా ఎగురుతోంది. మండపం ఇంకా దూరంలో ఉండగానే నరేశ్ పిడికిళ్లు ఎత్తి హెల్మెట్‌ను రెండుసార్లు కొట్టుకున్నాడు.

నేను చూశాను. చూడలేదని ఇన్నాళ్లూ చెప్పాను. చూశాను.

పెళ్లికొడుకు దోస్తులు అది కొత్త స్టెప్పు అనుకున్నారు. వాళ్లూ పిడికిళ్లతో తలలు కొట్టుకున్నారు. బ్యాండువాళ్లు దానికి దరువు కలిపారు. వాడు మళ్లీ కొట్టుకున్నాడు. ఊరేగింపంతా మళ్లీ కొట్టుకుంది. వాడు తూలుతూ నన్ను వెతుక్కుని, నా వైపు తిరిగాడు. నేను వాడి ఎదురుగా నిలబడి, రెండు పిడికిళ్లూ ఎత్తి, అదే స్టెప్పు వేశాను.

ఎందుకు? ఇంకాసేపు ఉడకనీ అనుకున్నానా? హైదరాబాద్‌కు ఒంటరిగా పోయేవాడు ఈ బకిళ్లు కూడా ఒంటరిగానే విప్పుకోవడం నేర్చుకోవాలనుకున్నానా? వాడు చచ్చిపోవాలని మాత్రం అనుకోలేదని చెప్పాలని ఉంది, కానీ ఎంత ఎండకు మనిషి చస్తాడో తెలియకుండా అనుకోలేదనడంలో పెద్ద పుణ్యమేమీ లేదు.

వాడు వెల్లకిలా పడిపోయాడు, బకిళ్లన్నీ వీపు కింద. అందరూ చప్పట్లు కొట్టారు. వాడు లేవలేదు. అప్పుడు ఉరికాను. జేబులోంచి కట్టర్ తీసి ఛాతీ మీద కవచాన్ని కోశాను. ఎవరో వీడియో తీశారు. అందులో నేను చాలా బాగున్నాను. వీడియోలో కనిపించనిది ఒకటుంది. అడ్డంగా ఎక్కడ పడితే అక్కడ కోస్తే తొందరగా తెరుచుకునేది. నేను అతుకు వెంట కోశాను, మళ్లీ అతికించడం సులువని. చేతి అలవాటని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆలోచించే కోశాను.

వడదెబ్బ మెదడును తాకిందన్నారు డాక్టర్లు. బతికాడు. నడిస్తే ఒక పక్కకు ఒరిగిపోతాడు. మాట ముక్కలుగా వస్తుంది. హైదరాబాద్ వాళ్లు ఆగలేదు, ఇంకొకరు ఉన్నారా అని అడిగారు. నేను భుజాలు కుదించి, కాళ్లు కురచచేసి, కవచాన్ని నా కొలతకు తెచ్చుకుని వెళ్లాను. లోపల ఫ్యాన్లు పెట్టాను. బకిళ్లు ముందుకు మార్చాను. భద్రత విషయంలో నేను రాజీపడనని పేరుంది.

ఇది రాశాక కొంచెం తేలికగా ఉంది. ఆ తేలికదనం నాకు రావాల్సింది కాదు, వచ్చింది, తీసుకున్నాను. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు.

పోయిన నెల సిరిసిల్ల వెళ్లాను, చెప్పేద్దామనే. చెప్పలేదు. నరేశ్ వాళ్లమ్మ ఎప్పటిలాగే అన్నం పెట్టి, పక్కింటామెకు నన్ను చూపించింది.

"మావోణ్ని బతికిచ్చింది గీ పిలగాడే. అందరు ఎగురుకుంట ఉంటె, గీయన ఒక్కడే ఉరికిండు."

నరేశ్ ముద్దను నోటిదాకా తేవడానికి రెండు చేతులూ వాడుతున్నాడు. ఆ ముద్దను పళ్లెంలో దించాడు. నన్ను చూశాడు. ఒక్కో మాటనూ లోపల పట్టుకుని బయటికి తెచ్చాడు.

"వీడు గూడ... ఎగిరిండు, అమ్మా."