చైనుకి నలుపు

మా ఆయన బచేలి ఇనుపగనిలో, కొండ మీద డోజరు నడిపేవారు. పెళ్లయి విజయనగరంలో కిరండూల్ బండెక్కి ఆ టౌన్‌షిప్‌కి వెళ్లిన నాటి నుంచి, ఒంటి మీద ఎర్రదుమ్ము లేకుండా ఆయన డ్యూటీ దిగి రావడం నేను చూడలేదు. చొక్కాలు ఎన్ని నీళ్లలో జాడించినా బకెట్టు ఎర్రగానే ఉండేది. అప్పుడు విసుక్కునేదాన్ని. ఆయన పోయాక విజయనగరం వచ్చేశాను. ఇక్కడ బట్టలు ఉతికితే నీళ్లు తెల్లగానే ఉంటాయి. ఎందుకో చేతులు ఆగిపోతాయి.

ఉద్యోగం చివరి ఏళ్లలో ఆయన నడుము దెబ్బతింది. డాక్టరు డోజరు ఎక్కవద్దన్నారు. కొండ కింద స్టోర్‌లో కుర్చీ ఇచ్చారు. ఒంటికి సుఖమే గానీ మనిషికి మాట తగ్గిపోయింది. మధ్యాహ్నం పైన బ్లాస్టింగ్ మోత వినబడితే ముద్ద చేతిలో పట్టుకుని కిటికీ వైపు చూస్తుండేవారు.

"కిందకి దింపేసినారే నన్ను," అన్నారు ఒకసారి. మళ్లీ ఆ ఊసెత్తలేదు.

విశాఖలో ఉన్న మా తమ్ముడికి ఫోన్లో ఆ సంగతి చెప్పాను. వాడు డోజరు బొమ్మ కోసం వెతికి, మంచిది దొరక్క, రిమోట్‌తో నడిచే యుద్ధట్యాంకు పంపాడు. మూరెడు పొడవుంది. అదీ చైను మీద నడిచేదే కదా అని వాడి ఆలోచన. డోజరు చక్రాల చుట్టూ తిరిగే ఇనుప పట్టాని మైనులో అందరూ చైను అనేవారు. ఆయన దాన్ని వరండాలో నడిపి చూసి, ప్లాస్టిక్ చైను చప్పుడు చేయడం లేదని పక్కన పెట్టేశారు. తమ్ముడు పట్టు వదలకుండా లోహపు చైన్లు తెప్పించి పంపాడు. వాటికి చప్పుడుంది గానీ కొత్త గిన్నెల్లా తళతళలాడాయి.

"పెళ్లికూతురి పట్టీల్లాగున్నాయి. పని చేసిన చైను ఇలాగుంటాదేటి?" అన్నారు.

నల్లరంగు వేస్తే నడిచేకొద్దీ పెచ్చులూడిపోతుంది. రేడియో రిపేర్లు తెలిసిన పక్క క్వార్టరాయన, సర్క్యూట్ బోర్డుల మీద రాగిని కరిగించే మందొకటి ఉంటుందనీ, అందులో ముంచితే ఈ లోహం నల్లబడుతుందనీ చెప్పాడు. నడుము చూపించుకోవడానికి జగదల్‌పూర్ వెళ్లినప్పుడు ట్యాంకును కూడా సంచిలో పెట్టుకుని వెళ్లి, ఎలక్ట్రానిక్స్ దుకాణంలో చైను చూపించి ఆ మందు కొన్నాం.

తిరిగొస్తుంటే గీదం దాటాక తనిఖీ నాకా దగ్గర బస్సు ఆపారు. సంచి వెతుకుతున్న జవాను చేతికి మొదట మందు డబ్బా తగిలింది, తర్వాత ట్యాంకు. గోధుమరంగు పొడి, దాని పక్కన ఫిరంగి. పేలుడు మందనుకున్నారో ఏమో, మమ్మల్ని కిందికి దిగమన్నారు. ఆయన హిందీలో డోజరు దగ్గర మొదలుపెట్టి నడుము నొప్పి దాకా అంతా చెప్పారు. జవాను నమ్మాడో లేదో, నడిపి చూపించమన్నాడు. రోడ్డు పక్క మట్టిలో ట్యాంకు గలగలమంటూ కదిలింది. మిగతా జవాన్లూ వచ్చారు. బస్సులోవాళ్లు కిటికీల్లోంచి తొంగి చూశారు. ఆ జవాను రిమోట్ తీసుకుని కాసేపు నడిపి, తన కొడుక్కి ఇలాంటివంటే ప్రాణమనీ, వాణ్ణి చూసి చాలా కాలమైందనీ అన్నాడు. రిమోట్ తిరిగివ్వడానికి అతనికి చేతులు రాలేదు. మా ఆయన కూడా అడగలేదు. డ్రైవరు హారన్ కొట్టాక ఇచ్చాడు.

ఆ ఆదివారం పెరట్లో ప్లాస్టిక్ టబ్బు పెట్టి, చేతులకు తొడుగులు వేసుకుని, మందు కలిపారు. నీళ్లు వేడెక్కి ఘాటు వాసన వచ్చింది. చైన్లు ముంచి తీస్తే మచ్చలు మచ్చలుగా నల్లబడ్డాయి. జిడ్డు పోలేదేమోనని నాకనిపించింది. చేపల మూకుడు తోమినట్టు వేడినీళ్లు, సబ్బుపొడి, పాత టూత్‌బ్రష్‌తో లింకు లింకూ రుద్దాను. ఆయన పీట మీద కూర్చుని ఒక్కొక్క ముక్కా విడదీసి అందించారు. రెండోసారి ముంచగానే సన్నటి నురగ లేచింది. మెరుపు పోయి బూడిదరంగు వచ్చింది, ఆ తర్వాత నలుపెక్కింది. వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, ఎండలో ఆరబెట్టి, గుడ్డతో నూనె రాశారు. పొద్దంతా పక్కపక్కనే కూర్చున్నాం. షిఫ్టుల ఉద్యోగంలో మాకు అలాంటి పొద్దు అంతకు ముందు దొరకలేదు.

ఎర్రమట్టి మీద కొన్నాళ్లు నడిపేసరికి నేలకు తగిలే అంచుల్లో నలుపు అరిగిపోయి లోహం బయటపడింది. పడిన శ్రమంతా పోయిందని నేను నొచ్చుకుంటే, ఆయన చైనుని వేలితో తడిమి చూపించారు.

"ఇప్పుడు సరిగ్గున్నాది. నా డోజరు చైనూ ఇంతే. నేల తగిలిన చోట తెల్లగుంటాది."

నా డోజరు అన్న మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో.

యంత్రాలకు చేసే విశ్వకర్మ పూజ రోజున కుటుంబాలను కొండ మీదికి రానిస్తారు. స్టోర్‌కి మారాక ఆయన ఆ రోజు గడప దాటేవారు కాదు. ఆ ఏడు నేనే పట్టుబట్టి తీసుకెళ్లాను. ఆయన నడిపిన డోజరుకి బంతిపూల దండలు వేసి, కుంకం పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఒకప్పుడు ఆయన దగ్గర పని నేర్చుకున్న ఆపరేటరు వచ్చి కాళ్లకు దండం పెట్టి, ఒక్కసారి సీట్లో కూర్చోమని బతిమాలాడు. ఆయన నిచ్చెన వైపు చూసి, చైను మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయారు. ఎక్కుతానంటే నేను పట్టుకుంటానని చెప్పాను.

"వద్దులేవే. ఎక్కితే మళ్లీ దిగాలి కదా," అన్నారు.

తిరుగు బస్సులో నడుము తిప్పి వెనక్కి చూడలేక, డోజరు కనబడుతున్నాదా అని నన్ను అడుగుతూ వచ్చారు. కనబడుతోందని చెబుతూనే ఉన్నాను. మబ్బు కమ్మి కొండ మీద అప్పటికే ఏమీ కనబడడం లేదు.