‘మునిగింది’ అనకూడని ఇల్లు

మా ఇంట్లో ‘మునిగింది’ అన్న మాట అనకూడదు. ఇది అమ్మ పెట్టిన నిషేధం. నేత ఇంట్లో ఆ మాట లేకుండా బతకడం ఎంత తిప్పలో మాకే తెలుసు. నూలును రంగులో ముంచాలి, తీయాలి, ఆరబెట్టాలి, మళ్లీ ముంచాలి. మా బతుకుతెరువే అది. బాపు నూలు చిలపలు పట్టుకుని రంగు గిన్నె దగ్గరికొచ్చి “ముంచా...” అని మొదలుపెట్టి, అమ్మ మొహం చూసి, “ఏయాల్నా?” అని మార్చుకుంటాడు. అప్పుల్లో మునిగినవాళ్ల ముచ్చట్లు, వానకు మునిగిన చేన్ల ముచ్చట్లు గడప అవతలే. ఎందుకంటే మా తమ్ముడు నేవీలో జలాంతర్గామి మీద పనిచేస్తాడు. మీద అనడం కూడా తప్పే, లోపల.

ఆ ‘లోపల’ కూడా మా కొంపమీదికే వచ్చింది. వాడెక్కడున్నాడని ఎవరడిగినా అమ్మ ఆ పాడుమాట అనలేక, “మా పోరడు లోపలున్నడు, కొన్నాళ్లయితే బయటికొస్తడు” అని చెప్పేది. అడిగినవాళ్లు అయ్యో అన్నట్టు చూసి వెళ్లిపోయేవారు. ఒకరోజు మా వాడకట్టు పెద్దమనిషి ఒకాయన బాపును పక్కకు పిలిచి మెల్లగా అడిగాడట: “ఏం కేసయ్యా? భువనగిరిల మనకు తెల్సిన వకీలున్నడు, జర మాట్లాడాల్నా?” బాపు ఇంటికొచ్చి ఈ సంగతి చెబుతూ కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను. అమ్మ మాత్రం నూలు కండెలు చుడుతూనే, “జైలైనా నయముండె. పోతే మొఖమన్న చూపిస్తరు” అంది.

వాడు ఉద్యోగంలో చేరిన కొత్తలో మమ్మల్ని విశాఖపట్నం తీసుకెళ్లాడు. అక్కడ సముద్రం ఒడ్డున ఒక పాత జలాంతర్గామిని గట్టెక్కించి జనానికి చూపిస్తారు. లోపల దారి చెప్పే ఆయన పాపం మంచివాడే. “మునిగేటప్పుడు ఈ తొట్లలోకి నీళ్లు వదులుతారమ్మా, మునిగాక ఈ తలుపు బిగిస్తారు, మునిగి ఉన్నంతసేపూ...” ఆయన ఆ మాట అన్నప్పుడల్లా అమ్మ వేళ్లు నా మణికట్టును నొక్కుతున్నాయి. గోడకు బిగించిన పడక దగ్గర ఆగి, “గీ గూట్లె పండుకుంటవా బిడ్డా?” అని తమ్ముణ్ణి అడిగింది.

“గది గూడ నా ఒక్కనిది గాదమ్మా. నేను లేస్తే ఇంకొకడు పండుకుంటడు” అన్నాడు వాడు నవ్వుతూ.

బయటికొచ్చి ఇసుకలో కూలబడి అమ్మ మా అందరికీ వేలు చూపించింది. “మనింట్ల ఆ మాట ఎవలన్న అంటే చూడుండ్రి.” అప్పటినుంచి ఎవరూ అనలేదు.

వాడికి ఈ పిచ్చి పట్టించింది బాపే. బాపుది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని, నేలమట్టంగా కూర్చుని నేస్తాడు. “నేను సగం మునిగినోన్ని” అని నిషేధానికి ముందు రోజుల్లో తనమీద తానే జోకు వేసుకునేవాడు. బడికి పోయే వయసులో, డెబ్బై ఒకటి యుద్ధమప్పుడు, నేతగాళ్ల సొసైటీ గదిలోని రేడియోలో ఘాజీ సంగతి విన్నాడట. పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ దాకా వచ్చి, అక్కడే అడుగుకు పోయిన సంగతి. అదే బాపు జీవితానికి పెద్ద కథ. నూలు మోసే నాడె మగ్గంలో అటూ ఇటూ పోతుంటే ఆ చప్పుడుకు తగ్గట్టు చెప్పేవాడు.

“మన పెద్ద ఓడ కోసమే వచ్చింది వాడు. ఓడేమో ఎక్కడో దూరం అండమాన్ల దిక్కున్నది. మనోళ్లు ఏం జేసిన్రు? ఓడ ఈడనే ఉన్నదని నమ్మియ్యాలె గద! విశాఖ బజార్ల కూరగాయలు, మాంసం కుప్పలు కుప్పలు కొనవట్టిన్రు. గంత కూర ఎవలు తింటరు? ఓడోళ్లే! వాడు నమ్మిండు. వచ్చిండు. ఇగ దొరికిండు దొంగ!” అక్కడ తొడమీద ఫెళ్లున చరుచుకునేవాడు. తమ్ముడూ తన చిన్న తొడ చరుచుకునేవాడు. మనవాళ్లు వేసిన బాంబులకు పోయిందనీ, తన మందుగుండు తనకే పేలిందనీ రెండు రకాలుగా చెబుతారని నేను పెద్దయ్యాక చదివి చెప్తే, బాపు నామీద రెండు రోజులు అలిగాడు.

తర్వాత తమ్ముడు ఇలాంటి నవలలూ సినిమాలూ దొరికినన్ని మింగేశాడు. అన్నింట్లో ఒకటే తంతు. కెప్టెన్ వేలెత్తి ఉష్ అంటాడు, నుదుటిమీద చెమట, పైన శత్రువు ఓడ చప్పుడు, గోడలు కిర్రుమంటాయి, చివరి టార్పెడో వెంట్రుకవాసిలో తప్పిపోతుంది. ఉద్యోగంలో చేరాక వాడే అన్నాడు, “గవన్ని ఉత్తయే అక్కా. మా తాన ఉల్లిగడ్డ వాసన, చెమట వాసన, గంతే. గని ఒక్కటి నిజం. చప్పుడు జేయొద్దన్నప్పుడు చెంచా గూడ కింద పడొద్దు.”

ఒక ఎండాకాలం పాకిస్తాన్ సరిహద్దులో కాల్పులు మొదలయ్యాయి. యుద్ధం వచ్చేసిందని టీవీలు ఊదరగొట్టాయి. దానికి కాస్త ముందే తమ్ముడి ఫోను వచ్చింది. “లోపలికి పోతున్నమ్మా. ఫోన్ జేయకుంటే ఫికర్ వెట్టుకోకుండ్రి.” అంతే. ఆ తర్వాత ఎప్పుడు చేసినా స్విచాఫ్.

స్టూడియోలో కూర్చుని సైరన్ మోగించుకునే ఆ యాంకర్లను ఒక్కసారి మా ఇంటికి తెచ్చి అమ్మ ఎదురుగా కూర్చోబెట్టాలనిపించేది నాకు. బొమ్మ జలాంతర్గాములు బొమ్మ సముద్రంలో తిరుగుతాయి, బొమ్మ ఓడలు పేలతాయి, వాళ్లు చంకలు గుద్దుకుంటారు. నేను భువనగిరిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచర్ని. సెలవులు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. చదవకూడదనుకుంటూనే ఫోనులో చదివాను. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాముల్లో పోయినవాళ్లు నలుగురైతే ముగ్గురు తిరిగి రాలేదని ఒకచోట ఉంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకు భయమేసింది.

అమ్మ మగ్గం ఆపించింది. “ఫోన్ మోగితే ఇనవడది” అంది. బాపు నాడె తీసి పక్కన పెట్టాడు. వాడకట్టంతా టకటకలాడుతుంటే మా ఇల్లొక్కటే నోరు మూసుకుంది. గిన్నె దించినా మెల్లగా, తలుపు వేసినా మెల్లగా. మిక్సీ వేస్తే అమ్మ కొరకొరా చూసేది. ఫోను పూజ అలమారలో, దేవుడి పటం ముందు ఉండేది. బాపు ఊరికే గుంటలో కాళ్లు పెట్టుకుని, నేయకుండా కూర్చునేవాడు.

ఒక మధ్యాహ్నం పక్కింటి చిన్నమ్మ ఏడుస్తూ వచ్చింది. చేతిలో ఫోను. “అక్కా, గిది జూడు” అని అమ్మకిచ్చింది. అమ్మకు చదవరాదు, కానీ వీడియోకు చదువెందుకు? మగగొంతు ఒకటి గంభీరంగా చెబుతోంది. “విశాఖ తీరానికి దగ్గరలో జలాంతర్గామి మునిగిపోయింది. లోపల ఉన్నవారిలో ఒక్కరు కూడా ప్రాణాలతో బయటపడలేదు.”

ఇన్నేళ్లుగా మేం గడప దాటనివ్వని మాట మా ఇంటి నడుమకు వచ్చి నిలబడింది.

అమ్మ ఏడవలేదు. గోడకు జారగిలబడి అలాగే కింద కూర్చుంది. నేను ఫోను లాక్కున్నాను. తెరమీద కొత్త జలాంతర్గామి బొమ్మ, మన జెండా. “పాతదేమోనమ్మా, ఇట్లాంటివి మస్తు తిప్పుతరు” అన్నాను. నా గొంతు నాకే నమ్మకంగా లేదు. “నాతోని అన్ని దాసిపెట్టి మాట్లాడుతరు మీరు. ఇప్పుడు గూడ గంతే” అంది అమ్మ. తమ్ముడికి చేశాను. స్విచాఫ్. మళ్లీ చేశాను. అదే ఆడగొంతు, అదే మర్యాద.

బాపు గుంటలోంచే చెయ్యి చాపాడు. “మల్ల వెట్టు” అన్నాడు. వీడియో మళ్లీ పెట్టాను. ఒక్కరు కూడా బయటపడలేదు అన్నదాకా వచ్చి ఆగిపోయింది. మా వాడకట్టులో సిగ్నలు ఎప్పుడూ అంతే. తెరమీద గుండ్రంగా తిరుగుతోంది, తిరుగుతోంది. చిన్నమ్మ ముక్కు చీదింది. అమ్మ ఫోనును కాదు, బాపునే చూస్తోంది.

గొంతు మళ్లీ వచ్చింది. “మన యుద్ధనౌక విశాఖలోనే ఉందని శత్రువును నమ్మించడానికి, బజారులో కూరగాయలు, మాంసం పెద్ద ఎత్తున...”

“ఆపు!” అని అరిచాడు బాపు. “కూరగాయలు! ఇన్నవా, కూరగాయలు! గిది మన పోరడు గాదే. గిది నా కథ. ఘాజీ కథ.”

కాపురానికి వచ్చినప్పటినుంచి అమ్మ ఆ కూరగాయలను కండెలు చుడుతూ వింటూనే ఉంది. ఆమెకూ తెలిసిపోయింది. అయినా, “చెప్పు. మొత్తం చెప్పు” అంది. బాపు గుంటలో కూర్చునే చెప్పాడు. ఓడ, అండమాన్లు, బజారు, నమ్మి వచ్చినవాడు. “ఇగ దొరికిండు...” దాకా వచ్చి ఆగాడు. చెయ్యి తొడదాకా లేచి, మగ్గం కర్రమీద మెల్లగా దిగింది. “తెల్లారి జాలరోళ్లకు లోపలోళ్ల సామాన్లు నీళ్ల మీద దొరికినయట” అన్నాడు. ఎప్పుడూ చెప్పని ముక్క అది.

నిజం చెప్పాలంటే నాకు సంతోషమైంది. చచ్చినవాళ్లు వేరేవాళ్లని తెలిసి ఒళ్లంతా తేలికైంది. అమ్మ కూడా అప్పుడే ఏడ్చింది, చిన్నమ్మ భుజంమీద పడి, గట్టిగా, ఫోను సంగతే మరిచిపోయి.

ఇంకా చాలా రోజులు ఎదురుచూశాం. కాల్పులు ఆగాయన్నాక కూడా వాడి ఫోను రాలేదు. ఒక పొద్దున నేను చాయ్ వడపోస్తుంటే అలమారలో మోగింది. స్పీకర్ పెట్టాను.

“అమ్మా, తేలిన” అన్నాడు.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. అది తీసి, “తిన్నవా?” అంది.

వాడు క్షేమంగా బయటికొస్తే గుట్టకొచ్చి కాయ కొడతానని అమ్మ మొక్కుకుందట. ఆ వారమే యాదగిరిగుట్టకు పోయాం. దుకాణంలో అమ్మ రెండు కొబ్బరికాయలు తీసుకుంది. మొదటిది తమ్ముడి పేరుమీద కొట్టించి, రెండోది బాపు చేతిలో పెట్టింది.

“ఒక్కటేగదనే మొక్కింది? గిదెవలిది?” అన్నాడు బాపు.

“గా నీ కథల మునిగిన పోరగాండ్లది” అంది అమ్మ.

బాపు ఆమెను ఒకసారి చూసి, కాయను రెండు చేతులతో పట్టుకుని రాతి దగ్గరికి నడిచాడు.