గాటు తలుపు వైపు

పదో తరగతి మూడుసార్లు తప్పినవాణ్ణి. మా అక్క స్పాన్సర్ చేస్తే అమెరికాలోని ఫ్రీమాంట్ వచ్చి, హార్డ్ డిస్కు మీది రాతను చదివే బుల్లి పరికరాలు చేసే ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా చేరాను. ఒళ్ళంతా తెల్ల సూటు, బయటికి కళ్ళే కనిపిస్తాయి. నా మొహానికి సరిగ్గా సరిపోయిన ఉద్యోగం.

అక్కడ తెలుగువాడు ఇంకొకడే. నాకంటే పదేళ్ళు చిన్న, పీహెచ్‌డీ చేసిన ఇంజనీరు, వీసా మీద ఉన్నాడు. నేను డాక్టరూ అని ఏడిపించేవాణ్ణి, అతను అన్నా అనేవాడు. ఓ మధ్యాహ్నం కెఫెటీరియాలో నా పెరుగన్నం లాక్కుని తింటూ పాఠం చెప్పాడు.

"ఎలక్ట్రాన్‌కి స్పిన్ ఉంటుందన్నా. ఒక్కొక్కటీ చిన్న అయస్కాంతం అనుకో. మన దాంట్లో రెండు అయస్కాంతపు పొరలు, మధ్యలో రాగి పొర. రెండూ ఒకే వైపు చూస్తుంటే, ఆ వైపు స్పిన్ ఉన్న ఎలక్ట్రాన్లు హాయిగా దాటేస్తాయి. రెసిస్టెన్స్ తక్కువ. ఎదురెదురుగా చూస్తే, ఏ స్పిన్ ఉన్నదానికైనా ఏదో ఒక పొరలో దెబ్బలే. రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఆ తేడాతోనే డిస్క్ చదువుతాం."

"అర్థమైంది. వియ్యపురాళ్ళిద్దరూ ఒక్కమాట మీదుంటే బంతి సాగుతుంది. లేకపోతే వడ్డించేవాడు చచ్చాడే."

"నా థీసిస్ ఇంతేనా అన్నా?" అని పొలమారేదాకా నవ్వాడు.

ఆ రెండు పొరల్లో ఒకదాని దిక్కు ఎప్పటికీ మారకూడదు. అయస్కాంతం బిగించిన పొయ్యిలో వేడిచేసి దాన్ని ఖాయం చేస్తారు. నా పని ఆ పొయ్యి దగ్గరే. ఈ పొరలుండే వేఫర్ అనే గుండ్రటి బిళ్ళ అంచున చిన్న గాటు ఉంటుంది. అది తలుపు వైపు ఉండేలా పెట్టాలి. అంతే.

రెండువేల రెండులో ఒకరోజు, పక్క మెషిన్ ఆవిడకి మా మేనేజర్ నడక నడిచి చూపిస్తూ, బిళ్ళల ట్రేని పొయ్యిలో తిప్పి పెట్టేశాను. తీసేటప్పుడు గానీ చూసుకోలేదు. గాట్లన్నీ అవతలి వైపున్నాయి. చప్పుడు చేయకుండా పెట్టెలో సర్దేశాను.

టెస్టులో రెసిస్టెన్స్ పెరగాల్సిన చోట తగ్గింది, తగ్గాల్సిన చోట పెరిగింది. ఆ వారమే డాక్టరు పొరల మందం మార్చాడు. అందరి చూపూ అతని మీదే. నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, గాటు ఎటు పెట్టావ్?"

"ఎప్పుడూ పెట్టేవైపే. టెంత్ తప్పాను గానీ, తలుపెటుందో కూడా తెలీదా?"

నవ్వాడు. నమ్మాడు.

నిజం చెప్పి ఉంటే, బిళ్ళల్ని సరైన వైపు తిప్పి మళ్ళీ వేడిచేస్తే బాగయ్యేవి. కానీ అది లేఆఫ్‌ల ఏడాది. నాలాంటివాడికి మరో ఉద్యోగం ఎవరిస్తారు? రెండు వారాలు అతను తన పొరల్లో లేని తప్పు కోసం వెతికాడు. మూడో వారం లిస్టులో అతని పేరొచ్చింది. వేరే ఉద్యోగం దొరక్క, వీసా నిలవక, దేశం వదిలాడు.

ఎయిర్‌పోర్ట్‌కి నేనే డ్రైవ్ చేశాను. దారిలో చెప్పాను.

"డాక్టరూ, గాటు వెనక్కి పెట్టింది నేనే. అబద్ధమాడాను."

తిడతాడనుకున్నాను.

"అయితే నా పొరలు కరెక్టేనా అన్నా?"

"కరెక్టే."

మొహం రెండు చేతుల్తో కప్పుకున్నాడు. "నాకు చదువే రాదేమో అనుకున్నానన్నా, ఇన్నాళ్ళూ."

టెర్మినల్ దగ్గర పెట్టెలు నన్ను ముట్టుకోనివ్వలేదు.

"మేనేజర్‌కి చెప్తావా?" అన్నాడు.

"రేప్పొద్దున్నే."

చెప్పలేదు. ఆ పొయ్యి దగ్గర ఇంకో తొమ్మిదేళ్ళు పనిచేశాను.